జయమణి సాక్ష్యం

జయమణి దగ్గు మేడమెట్ల కింద కాపురమున్న వారందరికీ తెలుసు. ఆమె సంఘానికి మాత్రం తెలియదు. తెలియనివ్వకూడదనే ఆమె కొన్ని ఆదివారాలుగా ఆరాధనకు వెళ్ళడం మానుకుంది.

మద్దిలపాలెంలో బస్సు డిపో వెనుక సందులో, మేడమీద ఒంటిగది ఆమెది. ఒక మంచం, ఒక కుట్టుమిషను, గోడకు తల్లి ఫొటో. బడిపిల్లల యూనిఫారాలు అమ్మే దుకాణం వారు కత్తిరించిన గుడ్డ మూటకట్టి పంపుతారు. ఆమె చొక్కాలు, లాగులు కుట్టి పంపుతుంది. తాను కుట్టిన బట్టలు వేసుకున్న పిల్లలు పొద్దున్నే రోడ్డుమీద వందలకొద్దీ ఎదురవుతారు. వారిలో ఒక్కరికైనా ఆమె ఎవరో తెలియదు. పెళ్ళి మాట వచ్చిన రోజుల్లో తల్లి మంచాన పడింది. తల్లిని సాగనంపేసరికి పెళ్ళి మాట ఎత్తేవారు లేకపోయారు. ఆ సంగతిని జయమణి ఎప్పుడూ ఒక లోటుగా చెప్పుకోలేదు. లోటుగా చెప్పుకోవడానికైనా ఎదుట ఒక మనిషి ఉండాలి.

ఆమెకు మనుషులున్నది ఆదివారం నాడే. పాతపోస్టాఫీసు దిగువన, చేపల రేవుకు వెళ్ళే దారిలో, చిన్నప్పటి నుంచి ఆమె వెళ్ళే చర్చి ఉంది. ఇల్లు మద్దిలపాలేనికి మార్చినా చర్చి మార్చలేదు. అక్కడ పాట ఎత్తుకునేది జయమణి. కీబోర్డు వచ్చింది, డ్రమ్ములు వచ్చాయి, కొత్త పాటలకు కొత్త గొంతులు వచ్చాయి. అయినా పాత కీర్తన ఏదైనా పాడవలసి వస్తే పాస్టరు జ్ఞానదాసుగారు స్త్రీల వరుస వైపు ఒకసారి చూసేవారు. జయమణి కళ్ళు మూసుకొని మొదటి మాట అందుకునేది. ఆమె ఎక్కడ శ్రుతి నిలిపితే సంఘమంతా అక్కడే నిలిచేది. వారమంతా మిషను చప్పుడు తప్ప మరో చప్పుడు లేని మనిషికి, తన ఒక్క గొంతు వెనుక అన్ని గొంతులు బయలుదేరి రావడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఈ యేడు పుష్యమాసపు మంచులో ఆమెకు జలుబు చేసింది. జలుబు రొమ్ములోకి దిగింది. జ్వరం, పచ్చని కఫం, ఊపిరి తీస్తే పిల్లనగ్రోవిలో గాలి చొరబడినట్టు సన్నని ఈల. డాక్టరు అనూరాధగారు వీపున స్టెతస్కోపు ఆనించి విని, ఊపిరిగొట్టాలు వాచాయనీ, దీన్ని బ్రాంకైటిస్ అంటారనీ చెప్పి యాంటీబయాటిక్ రాశారు. బాగున్నట్టు అనిపించినా మధ్యలో మానకూడదు, కోర్సు పూర్తి చేయాలి అని మరీమరీ చెప్పారు. జయమణి ఆ మాత్రలను ప్రార్థన వేళల వలెనే పాటించింది. ఒక్క పూటా తప్పలేదు. జ్వరం విడిచింది. కఫం పోయింది. ఈల ఆగింది. చివరి మాత్ర ఒక శనివారం సాయంత్రం మింగింది. గొంతులో పొడిగా, చిన్నగా, గోరుతో గీకినట్టుండే దగ్గు ఒకటి మిగిలింది. అదీ రేపటికి పోతుందనుకుంది.

రేపు ఆదివారం.

ఆ చర్చిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాల వేళ ఉంటుంది. ప్రభువు తమకు చేసిన మేలును ఎవరైనా లేచి నిలబడి చెప్పవచ్చు. రాసిపెట్టుకోకపోయినా ఆ చెప్పడానికి ఒక నడక ఉంది. మొదట కష్టం, తరువాత మనిషి చేతకానితనం, తరువాత ప్రార్థన, ఆ పైన విడుదల. ఒక్కొక్క మలుపు దగ్గర సంఘం ఆమేన్ అంటుంది. ఆ ఆమేన్ చెప్పేవారిని ముందుకు తోస్తుంది. జయమణి ఎన్నడూ సాక్ష్యం చెప్పి ఎరుగదు. ఆమెకు అందరి ఎదుట నోరు పెగిలేది పాటకే. కానీ ఆ రోజు, జ్వరంలో ఒంటరిగా గడిపిన రాత్రులు గుర్తుకొచ్చి, బతికి బయటపడ్డాననే కృతజ్ఞత పొంగి, ఆమె లేచింది. గొంతు గీకకుండా బుగ్గన లవంగం ఒకటి పెట్టుకుంది.

ఉన్నది ఉన్నట్టే మొదలుపెట్టింది. జ్వరం సంగతి చెప్పింది. మంచినీళ్ళిచ్చే మనిషి లేక మంచం మీది నుంచి దిగి పాకుతూ వెళ్ళిన సంగతి చెప్పింది. ఆమేన్ వినవచ్చింది. మాత్రల సంగతి చెప్పింది. మళ్ళీ ఆమేన్. అప్పటికి ఆమె మాటలకు పాట నడక పట్టుబడింది. “నిన్నటితో మాత్రలు అయిపోయాయి. దగ్గు పోయింది. ఇక మందుతో పని లేదు” అంది. సంఘమంతా చప్పట్లు చరిచింది.

పద్యం చెప్పేవారికి ఒక ఇబ్బంది ఉంటుంది. చెప్పదలచుకున్నది ముందే ముగుస్తుంది, పాదం మాత్రం నిండదు. అప్పుడు అర్థంతో పనిలేని మాటను ఒకదానిని తెచ్చి అక్కడ కూర్చుతారు. దానికి పాదపూరణమని పేరు. జయమణి చివర అన్న రెండు మాటలూ అటువంటివే. దగ్గు పోలేదు. మందుతో పని ఉందో లేదో ఆమెకు తెలియదు. నడక ఆ మాటలను అడిగింది, ఆమె ఇచ్చింది. సాక్షి అనే మాటలో అక్షి, అంటే కన్ను, ఉంది. కంటితో చూసినవాడే సాక్షి. తాను ఇంకా చూడనిదానికి ఆమె ఆ పూట సాక్ష్యం పలికింది.

తిరుగు బస్సులో ఆసీల్‌మెట్ట దాటకముందే దగ్గు తెర వచ్చింది. ఆ వారమంతా అది పెరిగింది. కఫం లేదు, జ్వరం లేదు, ఉత్త దగ్గు. పక్కమీద వాలితే వచ్చేది. చల్లగాలి తగిలితే వచ్చేది. నవ్వబోతే వచ్చేది, అయితే నవ్వే సందర్భాలు తక్కువ. అన్నిటికంటే పాట ఎత్తుకోబోతే తప్పక వచ్చేది.

తరువాతి ఆదివారం ఆమె చీర కట్టుకొని, తల దువ్వుకొని, తలుపు దగ్గరి దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడ కూర్చొని దగ్గితే చూసేవారు ఏమనుకుంటారు? జయమణి అబద్ధమాడిందని అనుకుంటే సహించవచ్చు. ప్రభువు బాగుచేశాడన్నది అబద్ధమని అనుకుంటే? తన గొంతులోని గీకుడు ఆయన పేరుకే మచ్చ తెచ్చేట్టుంది. ఆమె చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. సంక్రాంతి సెలవులయి బడులు తెరిచేలోగా పెద్ద మూట కుట్టవలసి వచ్చిందని ఫోనులో పాస్టరుగారి భార్యకు చెప్పింది. అలా ఒక అబద్ధానికి కాపలాగా మరొక అబద్ధం నిలబడింది.

ఆదివారం పూట ఆ గది ఎంత పెద్దదో ఆమెకు అప్పుడు తెలిసింది. మిషను ముట్టుకోకూడదు, అది చిన్ననాటి నియమం. గోడ గడియారం వైపు చూసి, ఇప్పుడు మొదటి ప్రార్థన అయి ఉంటుంది, ఇప్పుడు రెండో పాట ఎత్తుకుంటూ ఉంటారు అని లెక్కవేసుకునేది. తానూ ఇక్కడి నుంచి అందుకుందామని పెదవి విప్పేది. మొదటి మాట సగంలో దగ్గు లాక్కుపోయేది. దగ్గు తీరాక, కిటికీ అంచున పేరుకున్న నల్లని దుమ్మును గుడ్డతో తుడుస్తూ నిలబడేది. తుడవడం అయ్యేది. ఆదివారం మాత్రం అయ్యేది కాదు.

కింద ఇంటివారు భీమశంకరరావుగారు, తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. మెట్ల మొదట కుర్చీ వేసుకొని పేపరు చదువుతారు. ఆమె నీళ్ళకు దిగినప్పుడల్లా పలకరించకుండా విడిచిపెట్టరు.

“ఏమ్మా, తగ్గిందా?”

“తగ్గిందండీ” అని ఆ చివరి అక్షరం మీదే దగ్గేది జయమణి.

“నీ తప్పు లేదులే. వ్యాకరణం తప్పు. జబ్బు మీద తగ్గె అన్న మాట వచ్చిందనుకో, గసడదవాదేశం చేస్తే జబ్బు దగ్గె అవుతుంది. సూత్రం ప్రకారం నువ్వు దగ్గవలసిందే” అని ఆయన తన మాటకు తానే మురిసిపోయేవారు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది. ఆ నవ్వు కూడా దగ్గే అయ్యేది. రోజు మొత్తంలో ఆమెతో ఎవరైనా మాట్లాడింది అంతే. ఆ కాస్త కోసం ఆమె ఒక్కొక్కసారి నిండిన బిందెను వంపుకొని మళ్ళీ దిగిన సందర్భాలున్నాయి.

దగ్గు పోలేదంటే జబ్బు పోలేదనుకుంది ఆమె. జబ్బు పోలేదంటే మందు చాలలేదు. డిపో ఎదుట మందుల షాపులో కోటి ఆమెకు తెలిసినవాడే. పాత చీటీ అడగకుండానే అవే మాత్రలు మరో కోర్సుకు సరిపడా ఇచ్చాడు. ఆమె వాటిని మంచం పక్క కిటికీలో పెట్టి, రెండు పూటలు చూసింది. డాక్టరుగారిని అడగకుండా వేసుకోవడానికి మనసు ఒప్పలేదు. అడగడానికీ మొహం చెల్లలేదు. డాక్టరుగారి మందు చాలలేదని చెప్పడం, ప్రభువు స్వస్థత చాలలేదని చెప్పడం, రెండూ ఒక్కలాగే తోచాయి.

మంగళవారం మధ్యాహ్నం ఎవరో మెట్లెక్కి వస్తున్న చప్పుడయింది. ఆ నడక మిరియంది. ఆయాసపడుతూ, ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి ఎక్కే నడక. మిరియం చర్చిలో జయమణి పక్కన కూర్చునే మనిషి. ఆమె భర్త మైఖేల్ చేపల రేవులో బోటు నడిపే సరంగు. కిందటి కార్తీకంలో అతనికి టీబీ అని తేలింది. ఆరు నెలలు మాత్రలు మింగాలన్నారు. అప్పటి నుంచి అతను సముద్రం మీదికి వెళ్ళలేదు.

జయమణికి సరిగ్గా అప్పుడే గొంతులో గీకుడు మొదలయింది. తువ్వాలు తీసి నోటికి అదుముకొని, తలుపు వెనుక గోడకు ఆనుకొని నిలబడింది. లోపలి గడియ వేసి ఉంది. మిరియం తట్టింది. పిలిచింది. మళ్ళీ తట్టింది. ఆ పైన తలుపు సందులోంచి, గుడిలో మాట్లాడినట్టు మెల్లని గొంతు.

“అక్కా, ప్రార్థనలో ఉన్నావు కామోసు. లెగకు. నాను ఇక్కణ్ణించే సెప్పేసి ఎల్లిపోతాను. మా యజమాని మందులు మానేసేడు. నీ సాచ్చం ఇన్న రోజే ఇంటికొచ్చి డబ్బా అటకమీద పడేసేడు. దేవుడు జయమణికి సేసింది నాకూ సేసేడు, దగ్గు మరి నేదు, మందుతో పనేటి అన్నాడు. నిజవే అక్కా, దగ్గు నేదు. లచ్చివారం బోటెక్కుతన్నాడు. నీకు సెప్పకపోతే నాకు పాపం. ఎండు నెత్తళ్ళు తెచ్చేను, గడియకి తగిలిత్తన్నాను.”

సంచీ గడియకు రాసుకున్న చప్పుడు వినిపించింది. పాదాలు ఒక్కొక్క మెట్టే దిగిపోయాయి. అవి వీధి మొదలుకు చేరినట్టు నమ్మకం కలిగాక జయమణి తువ్వాలు తీసింది. దగ్గి దగ్గి నేలమీద కూలబడింది. తేరుకొని కిటికీలోంచి చూస్తే, మిరియం రోడ్డు దాటి బస్సు కోసం నిలబడి ఉంది. ఇంత దూరం ఎండలో వచ్చి, మూసిన తలుపుకు తన సంతోషమంతా చెప్పి వెళ్తున్న మనిషి ఒక్కసారైనా తిరిగి చూడలేదు.

మొదట జయమణికి కలిగింది అసూయ. మైఖేల్ దగ్గు పోయింది, తనది పోలేదు. తాను పలికిన స్వస్థత తనను దాటి అతని ఇంటికి వెళ్ళింది. ఆ తరువాత, చొక్కాకు కాలరు అతుకుతుండగా, ఒక మాట సూదిలా గుచ్చుకుంది. అతను వేసుకోవలసింది ఆరు నెలలు. సగం కూడా కాలేదు. తనకు డాక్టరుగారు మరీమరీ చెప్పిన మాట అతని విషయంలో ఏమైనట్టు? ఆమె మిషను ఆపి, కిటికీలోని మాత్రలు సంచీలో వేసుకొని బయలుదేరింది.

అనూరాధగారు వీపున, రొమ్మున స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నారు. ఎక్స్-రే తీయించి చూశారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు. మందు చేయవలసిన పని చేసిందనీ, కానీ వాచిన గొట్టాల లోపలి పొర పచ్చిగా ఉంటుందనీ, చలిగాలి తగిలినా దుమ్ము తగిలినా ఉలిక్కిపడి దగ్గిస్తుందనీ, అది మానడానికి మూడు నాలుగు వారాలు, ఒక్కొక్కరికి అంతకంటే ఎక్కువే పడుతుందనీ వివరించారు. మళ్ళీ జ్వరం వచ్చినా, రక్తం పడినా, ఆయాసం వచ్చినా వెంటనే రావాలి. లేకపోతే గోరువెచ్చని నీళ్ళు, ఓపిక. జయమణి సంచీలోంచి తీసి చూపిన మాత్రలను చూసి డాక్టరుగారికి కోపం వచ్చింది. ఈ దగ్గుకు ఇవి పనిచేయవు, నిజంగా కావలసిన రోజున కూడా పనిచేయకుండా పోతాయి అన్నారు.

జయమణి లేవలేదు. ఒక మనిషి గురించి అడగాలంది. ఆరు నెలల మాత్రలు, దగ్గు పోయిందని మధ్యలో మానేశాడంది. డాక్టరు చేతిలోని కలం కింద పెట్టారు.

“చూడమ్మా. దగ్గు ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. అది నువ్వు. దగ్గు పోయినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు. అది అతను. మందు ఆపేస్తే ఆ జబ్బు లోపల మొండికేస్తుంది, మళ్ళీ లేచిన రోజున ఈ మాత్రలకు లొంగదు. ఇంట్లో వాళ్ళకూ అంటుతుంది. ఎవరు మానమన్నారు అతన్ని?”

జయమణి తల వంచుకొని మాత్రలను తిరిగి సంచీలో వేసుకుంది. అతను సొంతంగా మళ్ళీ మొదలుపెట్టకూడదనీ, మందిచ్చిన ఆరోగ్య కేంద్రానికి వెంటనే తీసుకువెళ్ళాలనీ, అక్కడివారే పరీక్ష చేసి నిర్ణయిస్తారనీ డాక్టరు చెప్పిందంతా అక్షరం పొల్లుపోకుండా మనసులో వల్లె వేసుకుంది.

ఇంటికి రాగానే జ్ఞానదాసుగారికి ఫోను చేసి, దగ్గుతూనే అంతా చెప్పింది. ఆయన దయగల మనిషి. ఆమె తల్లిని సమాధి దాకా మోసినవారిలో ఒకరు. ఆయన అంతా విన్నారు. తరువాత, వచ్చే వారం ఉజ్జీవ ప్రార్థన కూటాలున్నాయనీ, ఇప్పుడు ఇటువంటి మాట బయటపడితే బలహీనులు తొట్రుపడతారనీ, కూటాలు కాగానే మైఖేల్‌తో తానే నెమ్మదిగా మాట్లాడతాననీ అన్నారు. నువ్వు మాత్రం పూర్తిగా నయమయ్యాకే రామ్మా, విశ్రాంతి తీసుకో అన్నారు. మాటలో మెత్తదనం ఉంది. తలుపు మూసిన చప్పుడూ ఉంది. కూటాలయ్యే సరికి మైఖేల్ సముద్రం మీద ఉంటాడు. ఆమె వందనాలు చెప్పి ఫోను పెట్టేసింది.

బుధవారం పొద్దున్నే పాతపోస్టాఫీసు బస్సెక్కింది. దారి పొడుగునా దగ్గు. పక్క సీటులోని స్త్రీ మొదట మొహం తిప్పుకుంది, తరువాత లేచి వెళ్ళి నిలబడింది. జయమణి అందుకు తప్పుపట్టలేదు. కిటికీ వైపు జరిగి కూర్చుంది.

రేవు వెనుక మెట్ల సందులో మిరియం ఇల్లు. మైఖేల్ గుమ్మంలో కూర్చొని ప్రయాణపు సంచీ సర్దుకుంటున్నాడు. అతని బోటు మీద పనిచేసే జగ్గారావు ఎదుట గొంతుకూర్చొని బీడీ నలుపుతున్నాడు. జయమణిని చూడగానే మైఖేల్ మొహం వెలిగింది.

“రా వదినా. ఇదిగో బావా, నాకు బోటు మళ్ళీ ఇప్పించింది ఈవిడే. దేవుడు ఎవుల నోట సెప్పించాలో ఆళ్ళసేతే సెప్పిత్తాడు.”

మిరియం పీట వేసింది. జయమణి కూర్చోలేదు. డాక్టరు చెప్పినది నేర్చుకున్న వరుసలో చెప్పింది. మైఖేల్ నవ్వుతూ విన్నాడు. ఆ మాత్రలతో కడుపులో తిప్పుడు, ఒంటేలు ఎర్రన, ఇంట్లో ఆడమనిషిలా కూర్చోబెట్టిన ఆ నెలలు, అన్నీ ఏకరువు పెట్టి, ఇప్పుడు తన ఛాతీ సముద్రమంత ఖాళీగా ఉందన్నాడు. చివరికి నవ్వు తగ్గించి అన్నాడు.

“మరి మందుతో పని నేదని సెప్పింది నువ్వే కదేటి? సంఘం ఎదర సెప్పేవు. అది దేవుడు నీసేత నాకోసం సెప్పించిన మాట వదినా. ఇప్పుడొచ్చి కాదంటే ఎలాగ?”

“అది దేవుడు సెప్పించింది కాదు మరిదీ. నాను సెప్పింది.”

ఇంకా ఏదో అనబోయింది. దగ్గు అడ్డుపడింది. ఆపడానికి ఆమె వద్ద ఏ ఉపాయమూ లేదు, ఆపాలనీ చూడలేదు. మొహం సందు వైపు తిప్పుకొని, గుమ్మపు చెక్క పట్టుకొని, ఇన్నాళ్ళుగా నాలుగు గోడల మధ్య దాచిన దగ్గునంతటినీ వారి ముంగిట దగ్గింది. కళ్ళవెంట నీళ్ళు కారాయి. సందులో నీళ్ళు పట్టుకుంటున్నవారు తలలెత్తి చూశారు. జగ్గారావు బీడీ పారేసి లేచి నిలబడ్డాడు.

“సాచ్చం సెప్పిన రోజూ ఇదే దగ్గు” అంది గొంతు తిరిగి వచ్చాక. “లవంగం బుగ్గనెట్టుకుని ఆపేను. పోయిందనేసేను. పోనేదు. నా జబ్బు వేరు, ఇది పోతాదంట. నీది పోనేదు మరిదీ, దగ్గే పోయింది.”

మైఖేల్ మొహంలో నవ్వు ఎటుపోవాలో తెలియక కాసేపు అక్కడే ఉండి ఆరిపోయింది. మిరియం గోడకు చేరబడి ఉంది.

“మొన్న నాను వొచ్చినప్పుడు...”

“లోపలే ఉన్నాను.”

“ప్రార్థనలోనా?”

“కాదు.”

మిరియం గోడ విడిచింది. లోపలికి వెళ్ళి, స్టూలు వేసుకొని, అటకమీద నుంచి మాత్రల డబ్బా దించింది. పమిటతో దుమ్ము తుడిచి భర్త ఒడిలో పెట్టింది. లెగు అంది. రేపు బోటు అన్నాడతను, పిల్లవాడి గొంతుతో.

“బోటు నాను సూసుకుంటాను బావా” అన్నాడు జగ్గారావు. “నువ్వు నడిసంద్రంలో రొమ్ము పట్టుకుని కూకుంటే నిన్నెవుడు మోసుకొత్తాడు? ఐసు కింద సేపల్తో పాటు పెట్టి తేవాల. ఎల్లు.”

మైఖేల్ ప్రయాణపు సంచీని కాలితో పక్కకు తోశాడు. చాలాసేపటికి లేచి చొక్కా తొడుక్కున్నాడు. దంపతులిద్దరూ ఆరోగ్య కేంద్రానికి బయలుదేరారు. మిరియం తలుపుకు తాళం వేసింది. ఎప్పుడు వచ్చినా టీ తాగనిదే కదలనివ్వని మనిషి ఈసారి మంచినీళ్ళయినా ఇవ్వలేదు, వస్తావా అనీ అనలేదు. జయమణి వారు మలుపు తిరిగేదాకా చూసింది. తరువాత తాళం వేసిన ఇంటి ముందు, చేపల వాసన మోసుకొస్తున్న గాలిలో, వేసిన పీట మీద కాసేపు కూర్చుంది. ఎవరూ లేని ఇంటి పీటను అక్కడే వదలాలో, గోడకు నిలబెట్టాలో తెలియక, చివరికి నిలబెట్టి వచ్చేసింది.

ఆదివారం ఆమె చర్చికి వెళ్ళింది. తన వరుసలో కాక, తలుపు పక్కన చివరి బల్ల మీద కూర్చుంది. సాక్ష్యాల వేళ లేచి నిలబడింది. జ్ఞానదాసుగారు ఆమెను చూసి, గడియారాన్ని చూసి, తల వంచుకున్నారు. ఆపలేదు. ఆమె మాటల్లో ఈసారి నడక లేదు. జ్వరం పోయిందనీ, అది ప్రభువు దయ అనీ చెప్పింది. దగ్గు ఉందనీ, కొన్నాళ్ళు ఉంటుందని డాక్టరుగారు చెప్పారనీ అంది. చూడనిది చూసినట్టు చెప్పాను, క్షమించండి అంది. నా మాట విని ఎవరైనా మందు ఆపి ఉంటే మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి అంది. నాలుగైదు చోట్ల దగ్గింది. ఎవరూ ఆమేన్ అనలేదు. ఆమేన్ అనడానికి అందులో ఎక్కడా చోటు లేదు కూడా.

తరువాత పాత కీర్తన వచ్చింది. ముందు వరుసలోని చిన్నమ్మాయి ఒకతె ఎత్తుకుంది. శ్రుతి బాగా పైకి పోయింది. పై చరణాల్లో పెద్దవాళ్ళ గొంతులు ఒక్కొక్కటే రాలిపోయాయి. ఎక్కడ అందుకోవాలో జయమణికి తెలుసు. పెదవులు మాత్రం కదిపింది.

ఆరాధన ముగిశాక మెట్ల మీద వందనాలన్నవారు అన్నారు. అని ఆగకుండా వెళ్ళిపోయారు. కొందరు దూరం నుంచే చేతులు జోడించారు. అది దగ్గుకు భయపడి చేసినదో, సాక్ష్యానికి చేసినదో ఆమెకు తేలలేదు. జనమంతా పలచబడ్డాక మిరియం వచ్చి రెండు మెట్లు పైన ఆగింది. మొహం చూడలేదు. చేతిలోని గొడుగు మడతలు సర్దుతూ మాట్లాడింది.

“కపం పరీచ్చ సేసేరు. మందు మళ్ళీ మొదలెట్టేరు. రేపు మళ్ళీ తీసుకు రమ్మన్నారు. నాను సెప్తే ఇనడు, మీద పడిపోతన్నాడు.” గొడుగు గుండీ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. “నువ్వొత్తావేటి?”

జయమణి జవాబు చెప్పబోయింది. దగ్గు వచ్చింది. మిరియం మొహం రోడ్డు వైపు తిప్పుకొని, ఆ దగ్గు అయ్యేదాకా నిలబడింది.